రద్దీ రాత్రి తొమ్మిదికి, లెక్క నెలాఖరుకు

ఒక ఇంటికి 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) నెట్ లైన్ ఉందనుకుందాం. నెలకు 1.2 టీబీ, అంటే 1,200 జీబీ దాకా వాడుకోవచ్చని ప్లాన్‌లో రాసి ఉంది. ఆ లైన్‌ను పూర్తి స్పీడుతో, ఎక్కడా ఆపకుండా వాడితే ఆ కోటా ఎంతసేపు వస్తుంది? జీబీని బైట్లలో, స్పీడును బిట్లలో కొలుస్తారు, ఎనిమిది బిట్లు ఒక బైటు. ఆ లెక్కన 27 గంటలు కూడా రాదు. అదే 1 జీబీపీఎస్, అంటే 1,000 ఎంబీపీఎస్ లైన్ అయితే 2 గంటల 40 నిమిషాల్లో నెల కోటా మొత్తం ఊడ్చుకుపోతుంది. కాస్త పెద్ద సినిమా ఒకటి అయిపోయేలోపు అన్నమాట. మరి మిగతా నెలంతా ఆ గిగాబిట్ లైన్ దేనికున్నట్టు?

ఇది కొంచెం మొండి లెక్కే. ఏ ఇల్లూ లైన్‌ను అలా వాడదు. కానీ ఈ లెక్కలో ఒక విషయం బయటపడుతుంది. అమ్మేటప్పుడు చూపించేది స్పీడు, బిల్లు వేసేటప్పుడు చూసేది పరిమాణం. ప్రకటనలో పెద్దక్షరాలతో ఉండేది ఎంబీపీఎస్, షరతుల్లో చిన్నక్షరాలతో ఉండేది జీబీ. రెండూ ఒకటి కావు. ఒక క్షణంలో ఎంత డేటా పారుతుందో చెప్పేది స్పీడు. నెల మొత్తం మీద ఎంత పారిందో చెప్పేది జీబీ. నెట్ కంపెనీకి నిజంగా కష్టం కలిగించేది ఈ రెండింటిలో ఏది? ఇది తేలితే ఇంటి నెట్‌కు పరిమితి పెట్టాలా వద్దా అన్న వాదన సగం తేలినట్టే.

పరిమితి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కోటా అవ్వగానే కనెక్షన్ ఆగిపోయేది ఒకటి. ఆగదు గానీ పైన వాడిన ప్రతి ముక్కకూ అదనంగా బిల్లు పడేది ఇంకొకటి. బిల్లు పెరగదు గానీ స్పీడు పాతాళానికి పడిపోయేది మూడోది. దీన్నే ఫెయిర్ యూసేజ్ పాలసీ, పొట్టిగా ఎఫ్‌యూపీ అంటారు. ప్లాన్ పేరులో ‘అన్‌లిమిటెడ్’ అని ఉండి, కింద ఎఫ్‌యూపీ ఇన్ని జీబీలు అని ఉండటం మామూలే. పరిమితి ఉన్నదాన్ని అపరిమితం అని ఎలా అంటారన్న సందేహం ఇప్పటికే చాలామందికి వచ్చి పాతబడిపోయింది.

లిఫ్టు ముందు క్యూ

నెట్ కంపెనీలు మొదట చెప్పే కారణం రద్దీ. కొద్దిమంది విపరీతంగా వాడేస్తే మిగతావాళ్లందరికీ స్పీడు తగ్గిపోతుంది, కాబట్టి హద్దు పెట్టక తప్పదంటాయి. ఈ మాటలో నిజం లేకపోలేదు. ఇంటిదాకా వచ్చే తీగ ఆ ఇంటిది ఒక్కటే అయినా, దాని వెనకున్న దారి పదిమందిదీ. జీపాన్ అనే ఫైబర్ పద్ధతి చాలాచోట్ల వాడుకలో ఉంది. అందులో కంపెనీ పెట్టె నుంచి వచ్చే ఒక్కో ఫైబర్ మీద దిగువకు, అంటే ఇంటివైపుకు, సుమారు 2.5 జీబీపీఎస్, ఎగువకు, అంటే ఇంటి నుంచి బయటికి, అందులో సగం సామర్థ్యం ఉంటుంది. ఆ ఒక్క ఫైబర్‌ను దారిలో స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. 64 ఇళ్లకు తలా 100 ఎంబీపీఎస్ అమ్మితే మొత్తం 6.4 జీబీపీఎస్ అమ్మినట్టు. ఉన్నది 2.5.

వినగానే మోసంలా అనిపిస్తుంది కానీ ఇది మోసం కాదు. 64 ఇళ్లూ ఒకే సెకనులో పూర్తి స్పీడు లాగడమన్నది దాదాపు జరగదు. వెబ్ పేజీ తెరిస్తే ఒకటి రెండు సెకన్లు డేటా వస్తుంది, చదువుతున్నంతసేపూ లైన్ ఖాళీయే. వీడియో కూడా కాసేపు గుంజుకుని కాసేపు ఆగుతూ వస్తుంది. అందరి వాడకమూ ఒకదాని ఖాళీల్లో ఒకటి సర్దుకుంటుంది కాబట్టే ఇంటి కనెక్షన్ ఆ ధరకు దొరుకుతోంది. ఎవరి సామర్థ్యం వారికే విడిగా కావాలంటే లీజ్డ్ లైన్ తీసుకోవాలి. దాని ధర ఇళ్లకు అందేది కాదు.

ఈ సర్దుబాటు కుదరని సమయం ఒకటుంది. రాత్రి 8 నుంచి 11 దాకా అందరూ ఇళ్లలోనే ఉంటారు, అందరి తెరలూ వెలుగుతుంటాయి. అప్పుడు దారి ఇరుకవుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు అదే దారి చాలావరకు ఖాళీగా పడి ఉంటుంది.

పెద్ద అపార్ట్‌మెంటులో లిఫ్టును తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొద్దున అందరూ ఆఫీసులకూ స్కూళ్లకూ బయల్దేరే వేళ లిఫ్టు ముందు క్యూ. మధ్యాహ్నం రెండింటికి లిఫ్టు ఊరికే నిలబడి ఉంటుంది. ఈ క్యూ తగ్గించడానికి సొసైటీ వాళ్లు ‘ప్రతి ఫ్లాటూ నెలకు 100 సార్లే లిఫ్టు ఎక్కాలి, దాటితే ఫైన్’ అని నోటీసు పెట్టారనుకోండి. మధ్యాహ్నాలు కిందికీ పైకీ తిరిగే పెద్దాయన 20వ తేదీకల్లా మెట్లెక్కడం మొదలుపెడతారు. పొద్దున తొమ్మిది గంటల క్యూ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నెలవారీ డేటా పరిమితి చేసే పని కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

అంకెల్లో చూద్దాం. మొదటి ఇంట్లో ఒక వీడియో ఎడిటర్ ఉన్నారు. రోజూ రాత్రి 2 గంటలకు ఆ రోజు పని ఫైళ్లు, 50 జీబీ, వాటంతటవే క్లౌడ్‌లోకి ఎక్కేలా పెట్టుకున్నారు. రెండు వైపులా 100 ఎంబీపీఎస్ ఇచ్చే ఫైబర్ లైన్ మీద దానికి 67 నిమిషాలు చాలు. మూడు దాటి కొద్ది నిమిషాలకే పని అయిపోతుంది. నెలకు 1,500 జీబీ. పక్కింట్లో రోజూ రాత్రి 8 నుంచి 11 దాకా టీవీలో 4కే వీడియో చూస్తారు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 4కే వీడియోకు గంటకు 7 జీబీ దాకా అవుతుంది. రోజుకు 21 జీబీ, నెలకు 630 జీబీ. పరిమితి 1.2 టీబీ అయితే మొదటి ఇంటికి అదనపు బిల్లు వస్తుంది, రెండో ఇంటికి హెచ్చరిక కూడా రాదు. రద్దీ వేళలో దారిని ఆక్రమించింది మాత్రం రెండో ఇల్లే. ఆ ఇంటివాళ్ల తప్పేమీ లేదు. కొనుక్కున్నదే వాడుకున్నారు. కాటా ఉన్నచోటు తప్పు, అంతే.

ఇంతకీ 1.2 టీబీని నెలంతా సమానంగా పరిస్తే సగటున 3.7 ఎంబీపీఎస్ పడుతుంది. దారిని ముంచేసే మనిషి ఇతనే అని చూపించడానికి అది చాలా చిన్న ప్రవాహం.

కంపెనీ తాను కొనేదెలా?

పరిమితిని సమర్థించేవాళ్లు తరచూ కరెంటు మీటరును ఉదాహరణగా చూపిస్తారు. ఎన్ని యూనిట్లు కాలిస్తే అంత బిల్లు కడుతున్నాం కదా, డేటాకు మాత్రం ఎందుకు కట్టకూడదన్నది వాళ్ల ప్రశ్న. థర్మల్ కేంద్రం నుంచి వచ్చే ప్రతి యూనిట్ వెనకా కాలిన బొగ్గు ఉంటుంది. వాడకం పెరిగితే ఆ ఖర్చు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. నెట్‌లో అలా కాలిపోయేది ఏదీ లేదు. కేబుల్ వేయడానికి, పెట్టెలు కొనడానికి, మనుషులను పెట్టుకోవడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. డేటా పారినా పారకపోయినా ఆ ఖర్చు మారదు. నిన్న రాత్రి ఖాళీగా పోయిన సామర్థ్యాన్ని డబ్బాలో దాచి ఈరోజు అమ్ముకోవడమూ కుదరదు.

కంపెనీ బయటి ప్రపంచంతో కలిసే చోట డబ్బు కడుతుంది కదా అంటే, కడుతుంది. దాన్ని ట్రాన్సిట్ అంటారు. అయితే అక్కడ లెక్కకట్టే తీరు చూడాలి. పెద్ద నెట్‌వర్కుల మధ్య బాగా వాడుకలో ఉన్న పద్ధతి ‘95వ పర్సెంటైల్’. ప్రతి 5 నిమిషాలకోసారి ఎంత స్పీడులో డేటా పారుతోందో నమోదు చేస్తారు. 30 రోజుల నెలలో అలాంటి నమోదులు 8,640 అవుతాయి. వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పైనున్న 5 శాతాన్ని, అంటే 432 నమోదులను తీసేస్తారు. ఆ తర్వాత మిగిలినవాటిలో పెద్దది ఏదో దానికి బిల్లు. అంటే నెలలో అత్యంత రద్దీగా ఉన్న 36 గంటలను మాఫీ చేసి, ఆ కింది అంచు దగ్గర డబ్బు వసూలు చేస్తారు.

ఈ పద్ధతిలో జీబీల ప్రస్తావనే రాదు. రాత్రి మూడింటికి ఎంత పారిందన్నదానికి విలువ దాదాపు సున్నా. నెట్ కంపెనీ తన సరుకును రద్దీ లెక్కన టోకుగా కొంటుంది, నెలవారీ మొత్తం లెక్కన చిల్లరగా అమ్ముతుంది. కొనేచోట ఒక కాటా, అమ్మేచోట ఇంకో కాటా.

దీనికి తోడు, ఇప్పుడు ఇళ్లకు వచ్చే డేటాలో పెద్ద భాగం బయటి నుంచి రావడమే లేదు. నెట్‌ఫ్లిక్స్ తన ఓపెన్ కనెక్ట్ పెట్టెలను, గూగుల్ తన కాష్ సర్వర్లను నెట్ కంపెనీల సొంత భవనాల్లోనే పెట్టిస్తాయి. బాగా చూసే వీడియోలు ఆ పెట్టెల్లో ముందే చేరి ఉంటాయి. రద్దీ లేని వేళల్లోనే వాటిని నింపుకుంటారు కూడా. చూసేవారు బటన్ నొక్కితే ఆ వీడియో సముద్రాలు దాటి రాదు, కంపెనీ ఊళ్లోని గది నుంచే వస్తుంది. దానికి ట్రాన్సిట్ ఖర్చు లేదు. ఇంటి కోటాలో మాత్రం జీబీకి జీబీ తరిగిపోతుంది.

న్యాయం మాట

రద్దీ వాదన నిలబడదని తేలాక వచ్చేది న్యాయం వాదన. నిజానికి కంపెనీల వైపు ఉన్న బలమైన వాదన ఇదే. వారానికి నాలుగు మెయిళ్లు చూసుకునే వృద్ధ దంపతులూ, ఐదుగురు పిల్లలు ఐదు తెరలు పెట్టుకున్న ఇల్లూ ఒకే బిల్లు కట్టాలా? తక్కువ వాడేవాళ్లు ఎక్కువ వాడేవాళ్ల భారం ఎందుకు మోయాలి?

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. అప్పట్లో అమెరికా కేబుల్ పరిశ్రమ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న మైకేల్ పావెల్ 2013 జనవరిలో ఒక సమావేశంలో ఈ విషయం దాపరికం లేకుండానే చెప్పారు. పరిమితుల ఉద్దేశం రద్దీని తగ్గించడం కాదనీ, పెద్ద స్థిర ఖర్చును వాడకందారుల మధ్య ఎలా పంచాలన్నదేననీ దాని సారాంశం. ఆయన అంతకుముందు అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఛైర్మన్‌గా చేసిన మనిషి కూడా. ఇదంతా ధర నిర్ణయమేనని ఒప్పుకుంటే మాట్లాడుకోవడం సులువవుతుంది. ధరను ధరలాగే చర్చించవచ్చు, సాంకేతిక అవసరం అన్న ముసుగు అక్కర్లేదు.

ధరగా చూస్తే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. తక్కువ వాడేవాళ్ల బిల్లు తగ్గిందా? చాలా ప్లాన్లలో తగ్గదు. మామూలు బిల్లు అలాగే ఉంటుంది, దాని మీద పైకప్పు మాత్రం పెడతారు. కప్పు దాటినవాళ్లు ఎక్కువ కడతారు, దాటనివాళ్లు ఎప్పటిలాగే కడతారు. వృద్ధ దంపతుల పేరు చెప్పి పెట్టిన పద్ధతిలో వాళ్లకు దక్కిందేమీ ఉండదు.

నిజంగా తగ్గించి చూసిన కంపెనీ లేకపోలేదు. టైమ్ వార్నర్ కేబుల్ 2009లో అమెరికాలోని కొన్ని నగరాల్లో వాడకాన్ని బట్టి బిల్లు పెట్టబోయి, జనం భగ్గుమనడంతో వెనక్కి తగ్గింది. 2012లో టెక్సాస్‌లో దారి మార్చింది. నెలకు 5 జీబీకే ఒప్పుకుంటే 5 డాలర్లు తగ్గిస్తామంది, ఇష్టమైతేనే చేరండి అంది. చేరినవాళ్లు చాలా కొద్దిమంది. 5 డాలర్ల కోసం నెలంతా మీటరు చూసుకుంటూ కూర్చోవడం ఎవరికి కావాలి? జనం ఒక్కోసారి తమకు నష్టమైనా సరే స్థిరమైన బిల్లునే కోరుకుంటారు. ఆ స్థిమితానికీ ఒక విలువ ఉందన్నమాట.

ఎదుటి పక్షానికి దక్కాల్సిన మాట కూడా చెప్పాలి. నెవో, టర్నర్, విలియమ్స్ అనే ఆర్థికవేత్తలు ఇలాంటి ప్లాన్లలో ఉన్న ఇళ్ల వాడకాన్ని పరిశీలించి 2016లో ‘ఎకనామెట్రికా’ అనే ఆర్థికశాస్త్ర పత్రికలో ఒక అధ్యయనం వేశారు. పరిమితి దగ్గర పడుతున్నకొద్దీ జనం వాడకం తగ్గించుకుంటారనీ, అలా తగ్గేది వాళ్లు పెద్దగా విలువ ఇవ్వని వాడకమేననీ అందులో తేలింది. ఎవరూ చూడని గదిలో టీవీ మోగుతూ ఉండటం లాంటిదన్నమాట. వృథా తగ్గుతుందన్నది నిజమే. అయితే రద్దీ లేని వేళ ఆ వృథా వల్ల ఎవరికి ఏం నష్టమన్న ప్రశ్న మళ్లీ మొదటికే తీసుకొస్తుంది.

అపరిమితం అనగానే అంతా బాగుపడిపోదు అనడానికీ ఒక పాత కథ ఉంది. ఫోన్ లైన్ మీద నెట్ కలుపుకునే డయలప్ రోజుల్లో అమెరికా నెట్ కంపెనీ ఏఓఎల్ గంటల లెక్క వదిలేసి, 1996 డిసెంబరు నుంచి నెలకు 19.95 డాలర్లకు ఎంతైనా వాడుకోమంది. జనం లైన్ పెట్టి వదిలేయడం మొదలెట్టారు. కొత్తగా కలుపుకుందామనుకున్నవాళ్లకు రాత్రుళ్లు ఎంగేజ్ టోనే. చివరికి రాష్ట్రాల అటార్నీ జనరల్స్ జోక్యం చేసుకుంటే పరిహారాలు ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ కొరత కంపెనీ వైపు ఫోన్ కాల్స్ అందుకునే మోడెమ్‌లది, అదీ సాయంత్రాల్లో. సామర్థ్యం పెంచకుండా హద్దు ఎత్తేస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. దానికి మందు కూడా మరిన్ని మోడెమ్‌లే అయింది.

ఒక కంపెనీ కథ

ఇళ్ల డేటా పరిమితి చరిత్రంతా అమెరికా కంపెనీ కామ్‌కాస్ట్ ఒక్కదాని కథలోనే దాదాపు దొరుకుతుంది. 2007లో అది బిట్‌టొరెంట్ (జనం పెద్ద ఫైళ్లను నేరుగా ఒకరికొకరు పంచుకునే పద్ధతి) వాడేవాళ్ల కనెక్షన్లను లోలోపల తెంపుతోందని బయటపడింది. 2008 ఆగస్టులో ఎఫ్‌సీసీ తప్పుబట్టింది. (ఆ ఉత్తర్వును 2010లో కోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి.) 2008 అక్టోబరు నుంచి కంపెనీ నెలకు 250 జీబీ పరిమితి పెట్టింది.

అదే సమయంలో అదే కంపెనీ ఇంజినీర్లు ఇంకో పని చేశారు. దాని గురించి బయట చెప్పుకున్నవాళ్లు తక్కువ. ఎవరు ఏం వాడుతున్నారో చూడకుండా, రద్దీ ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే ఏర్పాటు తయారు చేశారు. పేటలోని ఉమ్మడి దారి దిగువకు 80 శాతం, ఎగువకు 70 శాతం దాటి నిండితే, అది 15 నిమిషాలు అలాగే ఉంటే, అప్పుడు చూస్తుంది. ఆ దారి మీద ఎవరైనా తమ స్పీడులో 70 శాతానికి పైగా 15 నిమిషాలు ఏకబిగిన లాగుతుంటే వాళ్ల డేటాను కాసేపు వరుసలో వెనక్కి పంపుతుంది. వాళ్ల వాడకం 50 శాతం కిందికి దిగి సుమారు 15 నిమిషాలు అలాగే ఉంటే మళ్లీ మామూలే. బిల్లు లేదు, నెల కోటా లేదు. దారి ఖాళీగా ఉంటే ఎంత వాడినా అడిగేవారు లేరు. ఈ పద్ధతి వివరాలన్నీ 2010లో ఆర్ఎఫ్‌సీ 6057 పేరుతో బహిరంగ పత్రంగా వచ్చాయి. రద్దీకి మందు చేతిలో ఉన్న కంపెనీయే నెలవారీ పరిమితినీ నడుపుతూ వచ్చింది.

2012లో 250 జీబీ పరిమితిని పక్కన పెట్టి, కొన్నిచోట్ల 300 జీబీతో ప్రయోగాలు మొదలెట్టింది. 2016లో 1 టీబీ, 2020 జులైలో 1.2 టీబీ. దాటితే ప్రతి 50 జీబీకి 10 డాలర్లు, నెలకు గరిష్ఠంగా 100 డాలర్లు. ఇదీ దేశమంతటా లేదు. ఈశాన్య రాష్ట్రాల్లో పెట్టబోయి, వ్యతిరేకత రావడంతో 2021లో వాయిదా వేసి, ఆ తర్వాత అమలు చేయనే లేదు. అక్కడ చాలాచోట్ల పరిమితి లేని వెరిజాన్ ఫైబర్ పోటీకి ఉంది. ఈశాన్యంలో డేటా బరువు తక్కువా, మిగతాచోట్ల ఎక్కువా?

2020 మార్చి అందరికీ పరీక్ష పెట్టింది. లాక్‌డౌన్‌తో ఆఫీసులూ స్కూళ్లూ ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చాయి. ఇళ్ల నెట్‌వర్కుల చరిత్రలో అంత ఒత్తిడి పడిన రోజులు లేవు. రద్దీయే కారణమైతే పరిమితులు బిగించాల్సిన రోజులవి. కామ్‌కాస్ట్ సహా అమెరికాలోని పెద్ద కంపెనీలు సరిగ్గా అప్పుడే పరిమితులను తాత్కాలికంగా ఎత్తేశాయి. నెట్‌వర్కులు కూలిపోలేదు. అదే నెలలో యూరప్‌లో ఇంకో దారి తొక్కారు. యూరోపియన్ కమిషనర్ తియెరీ బ్రెటన్ అడిగితే నెట్‌ఫ్లిక్స్ అక్కడ 30 రోజులపాటు వీడియో బిట్‌రేటు (సెకనుకు పంపే డేటా) తగ్గించింది. దాంతో తన ట్రాఫిక్ సుమారు 25 శాతం తగ్గుతుందని చెప్పింది. ఏ ఇంటి నెల కోటాతోనూ దానికి పని లేకపోయింది.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. నెట్ కంపెనీయే టీవీ ఛానళ్లు కూడా అమ్ముతుంటే పరిమితి ఒక ఆయుధమవుతుంది. 2012లో కామ్‌కాస్ట్ తన వీడియో యాప్‌ను గేమింగ్ పెట్టెలో చూస్తే కోటాలో కలపమని ప్రకటించింది. నెట్‌ఫ్లిక్స్ చూస్తే మాత్రం కలుపుతారు. నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ అప్పట్లో దీన్ని బాహాటంగానే ఏకిపారేశారు. చివరికి ఆ ఇంటికి చేరేది అదే కేబుల్ మీదుగా, అదే సాయంత్రం, అదే సైజు వీడియో. ఒకటి బరువుగా, ఇంకొకటి బరువు లేకుండా ఎలా ఉంటుంది? సొంత సరుకుకు మినహాయింపు ఇచ్చే పరిమితిని ఏ నియంత్రణ సంస్థా ఒక్కరోజు కూడా సహించకూడదు.

మీటరు ఎవరి చేతిలో?

కరెంటు మీటరు గోడ మీద కనిపిస్తుంది. అనుమానమొస్తే పరీక్షకు పెట్టమని అడగవచ్చు. డేటా మీటరు కంపెనీ లోపల ఎక్కడో ఉంటుంది. అది చూపించే అంకెను సరిచూసే మార్గం చాలా ఇళ్లకు లేదు. ఇంటి రూటర్ చూపే లెక్కకూ కంపెనీ లెక్కకూ తేడా వస్తే నెగ్గేది కంపెనీ లెక్కే. పోనీ జీబీ అంటే ఎంత అన్నదైనా ఒకటేనా? వెయ్యి చొప్పున హెచ్చవేస్తే ఒక జీబీ, 1,024 చొప్పున వేస్తే ఇంకో జీబీ. ఆ రెండింటికీ తేడా 7 శాతం పైమాటే. దారిలో పోయి మళ్లీ పంపిన ప్యాకెట్లూ (డేటా ముక్కలు), ఎవరూ అడగకుండానే బయటి నుంచి వచ్చి తలుపు తట్టే చెత్త ట్రాఫిక్కూ లెక్కలోకి వస్తాయా రావా అన్నది మామూలు ఇంటివాళ్లు అడగాలని కూడా తెలియని ప్రశ్న.

వాడేది మనిషి మాత్రమే అయితే కొంత నయం. ఇంట్లో ఉన్న కెమెరా ఒకటి 2 ఎంబీపీఎస్ చొప్పున రాత్రింబవళ్లు క్లౌడ్‌లోకి పంపుతుంటే నెలకు 648 జీబీ. 1.2 టీబీ కోటాలో సగానికి పైగా. దాన్ని గోడకు బిగించినవాళ్లకు ఆ సంగతి తట్టకపోవచ్చు. ఫోన్లూ ల్యాప్‌టాపులూ గేమింగ్ పెట్టెలూ తమంతట తామే అప్‌డేట్ అవుతుంటాయి. కొన్ని గేములైతే ఒక్కొక్కటే 100 జీబీ దాటుతాయి.

మార్షినీ చెట్టి, తోటి పరిశోధకులు కలిసి దక్షిణాఫ్రికాలో కోటా ప్లాన్లతో బతుకుతున్న 12 ఇళ్లను పరిశీలించి 2012లో ఒక పరిశోధన వెలువరించారు. ఆ ఇళ్లలో మూడు రకాల అయోమయం కనిపించింది. ఎంత మిగిలిందో తెలియదు, ఏది తింటోందో తెలియదు, ఇంట్లో ఎవరు ఎంత వాడుతున్నారో తెలియదు. డేటా పరిమితి గురించి బోర్డు గదుల్లో వాడే ‘వినియోగదారుడు’ అన్న మాట ఒక మనిషిని ఊహించుకుంటుంది. ఇంటి కనెక్షన్ ఒక మనిషిది కాదు. నెలాఖరున ఎవరివల్ల అయిపోయిందన్న పంచాయితీ, పరీక్ష ముందు రోజు పిల్లల టెన్షన్, ఇవేవీ జీబీల్లో కనిపించవు.

పరిమితి తప్పని చోట్లు

ఇదంతా తీగ మీద వచ్చే నెట్ సంగతి. గాలి మీద వచ్చేది వేరు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉండే ఉపగ్రహం నుంచి నెట్ ఇస్తుంటే, ఒక ఖండంలో సగం ఇళ్లు ఒకే కొద్దిపాటి సామర్థ్యాన్ని పంచుకోవాలి. ఇంకాస్త కావాలంటే ఇంకో ఉపగ్రహం పంపాలి. అది ఫైబర్ చివర పెట్టె మార్చినంత సులువు కాదు. మొబైల్ టవర్ మీదుగా ఇంటికి ఇచ్చే నెట్‌కూ స్పెక్ట్రమ్ ఇరుకు నిజమైనదే. ఒకప్పుడు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇళ్లలో కోటాలు మామూలుగా ఉండేవి. అక్కడివాళ్లు చూసే సరుకు ఎక్కువగా మహాసముద్రం అవతలి నుంచి, వేళ్ల మీద లెక్కపెట్టే కేబుళ్ల గుండా రావాలి. కేబుళ్లు పెరిగి, కాష్ సర్వర్లు దేశంలోకి వచ్చేకొద్దీ కోటాలు వదులవుతూ వచ్చాయి. ఎక్కడ ఇరుకు నిజమో అక్కడ పరిమితికి అర్థముంది. అక్కడ కూడా రాత్రి పూట వాడకానికి కోటా నుంచి మినహాయింపు ఇచ్చే ఉపగ్రహ ప్లాన్లు ఉండేవి, అంటే రద్దీ ఎప్పుడో వాళ్లకు తెలుసు.

తీగ మీద వచ్చే నెట్‌కు పరిమితిని చట్టం పెట్టి నిషేధించాలా అంటే, అంత దూరం పోనక్కర్లేదేమో. నిజంగా చవకైన చిన్న ప్లాన్ కావాలనుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఆ దారి మూయడం దేనికి? అదనపు బిల్లు పద్ధతిని మాత్రం తీసేయాలి. కోటా దాటితే స్పీడు తగ్గించవచ్చు, అదీ దారి నిండిన వేళల్లోనే. అదనపు బిల్లు మాత్రం అడగని అప్పు లాంటిది. భారత నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఇచ్చిన ఆదేశం ఈ దిశగా కొంత నడిచింది. కోటా కరుగుతున్నప్పుడు వినియోగదారుకు కబురు చెప్పాలంది, కోటా అయ్యాక కూడా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ స్పీడు 512 కేబీపీఎస్ (సుమారు అర ఎంబీపీఎస్) కన్నా తగ్గకూడదంది. 512 కేబీపీఎస్‌తో ఇప్పుడు ఏం వస్తుందన్నది వేరే ప్రశ్న. మంచి నాణ్యత వీడియోకు 5 ఎంబీపీఎస్ కావాలి, ఇది అందులో పదో వంతు. కనీస స్పీడు అనేది కాలంతో పాటు కదలకపోతే అది ఉన్నా లేనట్టే. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి ప్లాన్‌కూ ఒక లేబుల్ అతికించాలి. ఆహార పొట్లాల మీద పోషకాల పట్టికలాగే, నెల ధరలో ఎంత డేటా, దాటితే ఎంత అదనం అన్నది అందులో ఉండాలి. ఆ ఏడాదే అక్టోబరులో ఎఫ్‌సీసీ డేటా పరిమితుల మీద అధికారికంగా విచారణ మొదలుపెట్టింది.

ఆ విచారణ ఏ నియమాన్నీ తీసుకురాకముందే మార్కెట్టే ఒక పని చేసింది. ఫైబర్ కంపెనీలూ, టవర్ల మీదుగా ఇంటి నెట్ ఇచ్చే మొబైల్ కంపెనీలూ పరిమితి లేని ప్లాన్లతో కస్టమర్లను లాక్కుపోతుంటే, 2025 జూన్‌లో కామ్‌కాస్ట్ తన కొత్త ప్లాన్లన్నింటిలో డేటా అపరిమితం అని ప్రకటించింది. పాత ప్లాన్‌లోనే ఉండిపోయినవాళ్లకు పాత షరతులే. దాంతో ఒకే వీధిలో, ఒకే నోడ్ (పేట ఉమ్మడి దారి మొదలయ్యే పెట్టె) మీద, గోడ గోడ కలిసిన రెండు ఇళ్లు ఇలా ఉండొచ్చు: రాత్రి తొమ్మిదికి ఇద్దరూ ఒకే ఇరుకు దారిలో ఒకే సినిమా చూస్తుంటారు, ఒక ఇంట్లో మాత్రం మీటరు తిరుగుతూ ఉంటుంది.